మండని పెట్టెలో మండేదేమిటి?

మీ ఇంట్లోకి కరెంటు వచ్చే చోట, మీటరు దాటగానే ఒక పెట్టె ఉంటుంది. పాత ఇళ్లలో చెక్క బోర్డు మీద బిగించిన పింగాణీ ఫ్యూజులే ఆ పని చేస్తాయి. కొత్త ఇళ్లలో అయితే ఎం.సి.బి.లను వరుసగా అమర్చిన రేకు పెట్టెనో, ప్లాస్టిక్ పెట్టెనో చూస్తాం. మన ఎలక్ట్రీషియన్లు దీన్ని ‘డి.బి.’ అనో ‘ఎం.సి.బి. బాక్సు’ అనో అంటారు. బ్రిటన్‌లో ‘కన్స్యూమర్ యూనిట్’ అంటారు.

ఈ పెట్టెను దేనితో తయారుచెయ్యాలి? ఇదేం పెద్ద ప్రశ్న అనిపించవచ్చు. ఇనుము మండదు, ప్లాస్టిక్ మండుతుంది, కాబట్టి ఇనుముతోనే చెయ్యాలని ఎనిమిదో తరగతి విద్యార్థి కూడా చెప్పగలడు. 2015లో బ్రిటన్ వైరింగ్ నియమావళి కూడా దాదాపు ఇదే చెప్పింది. కాని ఆ నియమాన్ని, అదే పుస్తకంలో షాకు నుంచి రక్షణ గురించి చెప్పే అధ్యాయాన్ని, పెట్టెల తయారీకి సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణాన్ని పక్కపక్కన పెట్టుకొని చదవండి. ఒకటి కావాలన్నదాన్ని మరొకటి వద్దంటున్నట్లు కనిపిస్తుంది.

కథలనూ నవలలనూ విమర్శించినట్లు నియమాలను ఎవరూ విమర్శించరు. పాటించడమో, ఉల్లంఘించడమో తప్ప వాటితో మనకు వేరే పని ఉండదనుకుంటాం. కాని నియమం కూడా ఒక రచనే. దానికీ ఒక ఉద్దేశం, ఒక భాష, కొన్ని ఊహలు, కొన్ని లోపాలు ఉంటాయి. బ్రిటన్‌కు చెందిన ఈ ఒక్క నియమాన్ని అలా చదివి చూద్దాం. ఇందులో తేలే విషయం మన ఇళ్లకూ పనికివస్తుంది.

నిప్పు భయంతో పుట్టిన పుస్తకం

విద్యుద్దీపాలు కొత్తగా వస్తున్న రోజుల్లో, 1882లో, లండన్‌లోని టెలిగ్రాఫ్ ఇంజనీర్లు, ఎలక్ట్రీషియన్ల సంఘం కొన్ని నియమాలను ప్రకటించింది. విద్యుద్దీపాల వల్ల కలిగే అగ్నిప్రమాదాల నివారణకు నియమ నిబంధనలు అన్న అర్థం వచ్చే పేరు దానికి పెట్టారు. గమనించండి, ఆ పేరులో ‘షాకు’ అన్న మాట లేదు. ఆనాటి వారిని ముందుగా భయపెట్టింది నిప్పే. ఆ నియమాలే ముద్రణ తర్వాత ముద్రణగా పెరిగి ఇప్పుడు ‘బి.ఎస్. 7671’ అన్న పెద్ద గ్రంథమయ్యాయి. షాకు, నిప్పు, అధిక ప్రవాహం, ఎర్తింగ్ వంటివన్నీ అందులో చేరాయి.

ఇటువంటి పుస్తకం ప్రతి దేశానికీ ఉంటుంది. మన దేశంలో ఇళ్ల వైరింగ్‌కు ఐ.ఎస్. 732 ప్రమాణం ఉంది. దాన్ని 2019లో సవరించారు. బ్రిటన్ గ్రంథానికి, మన ప్రమాణానికి వెనక అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ రూపొందించిన 60364 శ్రేణి ఉంది. ఇక పెట్టెల తయారీకి అదే సంస్థ ఇచ్చిన 61439 శ్రేణి వేరుగా ఉంది. మన ప్రమాణాల సంస్థ దీన్ని కూడా స్వీకరించింది. అంటే వైరింగ్ ఎలా చెయ్యాలో ఒక పుస్తకం చెబుతుంది, పెట్టె ఎలా ఉండాలో మరొకటి చెబుతుంది. వీటిని రాసే సంఘాలు కూడా వేర్వేరు. చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

నియమం ఏమంటుంది?

బ్రిటన్ నియమావళి 17వ ముద్రణకు 2015లో మూడో సవరణ వచ్చింది. అందులో 421.1.201 అన్న సంఖ్యతో ఒక కొత్త నియమం చేరింది. దాని సారాంశం ఇది. నివాస గృహాల్లో పెట్టే కన్స్యూమర్ యూనిట్లు, అటువంటి ఇతర స్విచ్‌గేర్ పెట్టెలు 61439 శ్రేణిలోని మూడో భాగానికి అనుగుణంగా ఉండాలి. దానితోపాటు వాటి కవచం ‘నాన్-కంబస్టిబుల్’ పదార్థంతో చేసినదై ఉండాలి. లేదా ఆ యూనిట్‌ను అటువంటి పదార్థంతో చేసిన అలమరలో ఉంచాలి. ఇనుము జాతి లోహం, ఉదాహరణకు ఉక్కు, అటువంటి పదార్థంగా భావించవచ్చునని కింద ఒక గమనిక ఇచ్చారు. ఈ నియమం 2016 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. 2018లో వెలువడిన 18వ ముద్రణలోనూ కొనసాగింది.

ఇది గాలిలోంచి పుట్టిన నియమం కాదు. ప్లాస్టిక్ యూనిట్లు కాలిపోయిన సంఘటనలు పెరుగుతున్నాయని లండన్ అగ్నిమాపక దళం ఆందోళన వ్యక్తం చేసింది. బ్రిటిష్ ఇళ్లలో ఈ పెట్టెను చాలాచోట్ల మెట్ల కింద అరలో పెడతారు. ఆ మెట్లు తరచుగా చెక్కవే. రాత్రిపూట పెట్టె అంటుకుంటే పైఅంతస్తులో నిద్రపోతున్నవారు దిగివచ్చే దారే ముందుగా కాలుతుంది. కాబట్టి ఆ ఆందోళన న్యాయమైనదే. అయితే కాలిన పెట్టెలను పరిశీలించినవారు ప్రధాన కారణంగా చూపించింది ప్లాస్టిక్‌ను కాదు. లోపలి అతుకులు సరిగా బిగించకపోవడాన్ని, అంటే మన భాషలో ‘లూజ్ కాంటాక్ట్’ను.

ఒక వదులు స్క్రూ కథ

లూజ్ కాంటాక్ట్ నిప్పు ఎలా పెడుతుందో లెక్క వేసి చూద్దాం. ఒక ఇంట్లో రెండు కిలోవాట్ల గీజరు, ఒక ఎ.సి., ఒక ఇస్త్రీ పెట్టె ఒకేసారి పనిచేస్తే సుమారు 20 ఆంపియర్ల కరెంటు ప్రవహిస్తుంది. మెయిన్ వైరును బిగించే స్క్రూ వదులై, ఆ అతుకు వద్ద నిరోధం ఒక ఓమ్‌లో పదోవంతు, అంటే 0.1 ఓమ్ ఉందనుకోండి. అక్కడ పుట్టే వేడి ఎంత? కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించాలి. 20 × 20 × 0.1 = 40 వాట్లు. రేడియో మెకానిక్ వాడే మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దాన్ని మించిన వేడి మీ పెట్టెలో ఒక స్క్రూ తలంత చోట గంటల తరబడి పుడుతూ ఉంటుందన్నమాట. వైరు మీది పి.వి.సి. తొడుగు మామూలుగా 70 డిగ్రీల సెల్సియస్ వరకే తట్టుకునేలా తయారవుతుంది.

వేడికి లోహం వ్యాకోచిస్తుంది, కరెంటు ఆగాక చల్లబడి సంకోచిస్తుంది. ఇలా రోజూ జరిగితే అతుకు మరింత వదులవుతుంది. రాగి మీద ఆక్సైడ్ పొర పేరుకొని నిరోధం ఇంకా పెరుగుతుంది. నిరోధం పెరిగితే వేడి కూడా పెరుగుతుంది. చివరకు అతుకు ఎర్రగా కాలే స్థితికి వస్తుంది.

మరి రక్షణ కోసం పెట్టిన పరికరాలు ఏం చేస్తున్నాయి? ఎం.సి.బి.కి తెలిసినది అధిక ప్రవాహం మాత్రమే. ఇక్కడ ప్రవాహం 20 ఆంపియర్లే, ఏ మాత్రం ఎక్కువ కాదు. కాబట్టి అది కదలదు. ఫ్యూజు సంగతీ అంతే. ఆర్.సి.సి.బి. ఫేజులో వెళ్లిన కరెంటుకు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటుకు తేడా ఉందా అని చూస్తుంది. ఇక్కడ తేడా లేదు. అదీ కదలదు. అతుకు వద్ద తగ్గే వోల్టేజి 20 × 0.1, అంటే 2 వోల్టులు. 230లో 2 తగ్గితే ఇంట్లో ఎవరికి తెలుస్తుంది?

ఏ ఇల్లు కాలినా మన పత్రికలు ‘షార్ట్ సర్క్యూట్’ అని రాసేస్తాయి. నిజమైన షార్ట్ సర్క్యూట్‌లో వందల ఆంపియర్లు దూసుకువస్తాయి, మంచి ఎం.సి.బి. కళ్లు మూసి తెరిచేలోగా కరెంటు తెంచేస్తుంది. లూజ్ కాంటాక్ట్ దీనికి పూర్తిగా భిన్నమైనది. ఏ హద్దూ మీరకుండా, ఏ బ్రేకరునూ కదిలించకుండా అది కాలుస్తుంది. రెంటినీ ఒకే పేరుతో పిలిస్తే రెంటికీ ఒకే మందు చాలుననిపిస్తుంది. అది ప్రమాదకరమైన పొరపాటు.

మూడు మాటలు, మూడు పరీక్షలు

ఇక నియమం భాష దగ్గరకు వద్దాం. దాని అసలు బలహీనత అక్కడే ఉంది. నాన్-కంబస్టిబుల్, ఫ్లేమ్ రిటార్డెంట్, ఫైర్ రెసిస్టెంట్ అని ఇంగ్లీషులో మూడు మాటలున్నాయి. తెలుగు చేసేటప్పుడు మూడింటికీ ‘అగ్నినిరోధక’ అని రాసేస్తుంటారు. అనువాదకులకు అది సుఖమే కాని, ఈ మూడు మాటలూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. కాబట్టి వీటికి మూడు వేర్వేరు తెలుగు మాటలు కావాలి.

మొదటిదాన్ని ‘మండనిది’ అందాం. అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఒ. 1182 ప్రకారం, పదార్థపు చిన్న ముక్కను 750 డిగ్రీల వద్ద ఉన్న కొలిమిలో పెడతారు. ఆ ముక్క తాను వేడిని విడుదల చేస్తోందా, మంట చూపిస్తోందా, ఎంత బరువు కోల్పోయింది అని కొలుస్తారు. ఈ పరీక్ష అడిగే ప్రశ్న ఒక్కటే. ఈ పదార్థం నిప్పుకు ఆహారమవుతుందా?

రెండోదాన్ని ‘మంటను సాగనివ్వనిది’ అందాం. దీనికి ‘గ్లో వైర్’ పరీక్ష ప్రసిద్ధం. నికెల్-క్రోమియం తీగ వంపును విద్యుత్తుతో ఎర్రగా కాల్చి, సుమారు ఒక న్యూటన్ బలంతో నమూనాకు 30 సెకన్లు ఆనిస్తారు. కింద పలుచని కాగితం పరిచి ఉంచుతారు. తీగను తీసేసిన 30 సెకన్లలోగా మంట ఆరిపోవాలి. రాలిన చుక్కలకు కాగితం అంటుకోకూడదు. ఈ పరీక్ష వదులు అతుకును అనుకరించేలా రూపొందినది. ఇది అడిగేదేమిటంటే, ఒక చిన్న వేడి వస్తువు తగిలితే ఈ ప్లాస్టిక్ అంటుకొని మండుతూ పోతుందా?

మూడోదాన్ని ‘నిప్పును దాటనివ్వనిది’ అందాం. ఒక గోడనో తలుపునో నిలువెత్తున కొలిమి ముందు నిలబెట్టి, అవతలి వైపుకు మంట ఎంతసేపటికి చేరుతుందో చూస్తారు. అరగంట తలుపు, గంట గోడ అని లెక్క చెబుతారు. ఈ నిర్మాణం ఎంతసేపు అడ్డు నిలుస్తుంది అన్నది ఇక్కడి ప్రశ్న.

ఒకదానిలో నెగ్గినది మరొకదానిలో నెగ్గాలని లేదు. అల్యూమినియం మొదటి పరీక్షలో నెగ్గుతుంది. కాని 660 డిగ్రీల వద్ద కరిగిపోతుంది కనుక పలుచని అల్యూమినియం రేకు మంటకు ఎక్కువసేపు అడ్డు నిలవలేదు. అద్దం మండదు, కాని మామూలు అద్దం వేడికి పగిలిపోతుంది. చెక్క మొదటి పరీక్షలో ఓడిపోతుంది. అయినా సరిగా తయారుచేసిన మందపాటి చెక్క తలుపు అరగంట సేపు నిప్పును ఆపగలదు. పైభాగం బొగ్గై లోపలి చెక్కను కాపాడటం దీనికి ఒక కారణం.

ఇప్పుడు 421.1.201ను మళ్లీ చదవండి. ఆ నియమం ఉద్దేశమేమిటి? పెట్టెలో పుట్టిన మంటను వీలైనంత వరకు పెట్టెలోనే ఉంచడం. అంటే మూడో ప్రశ్న. అది వాడిన మాట ఏది? నాన్-కంబస్టిబుల్, అంటే మొదటి ప్రశ్న. అది పాటించాలన్న 61439 ప్రమాణంలో ఉన్న పరీక్ష ఏది? గ్లో వైర్, అంటే రెండో ప్రశ్న. ఒక్క నియమంలోనే ఉద్దేశం ఒకటి, మాట ఒకటి, పరీక్ష ఒకటి! పైగా నాన్-కంబస్టిబుల్ అంటే ఏమిటో ఆ పుస్తకం నిర్వచించలేదు. ఉక్కు ఒక ఉదాహరణ అని చెప్పి ఊరుకుంది. రేకు ఎంత మందం ఉండాలో అందులో లేదు. వైర్లు లోపలికి వచ్చే రంధ్రాల గుండా మంట బయటికి వస్తే సంగతేమిటో చెప్పలేదు. అన్నీ బిగించిన పెట్టెలో నిజంగా నిప్పు పెట్టి చూడమని అడగలేదు.

అయితే ప్లాస్టిక్ పక్షం వారు దీన్ని చూసి సంతోషించనక్కరలేదు. గ్లో వైర్ పరీక్షలో కరెంటు భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్‌కు 960 డిగ్రీలు, బోలు గోడల్లో అమర్చే కవచానికి 850 డిగ్రీలు పెట్టారు. మామూలు కవచానికి 650 డిగ్రీలు చాలునన్నారు. బాగా చెడిపోయిన అతుకు ఈ 650ని సులువుగా దాటగలదు. పరీక్షలో తీగను 30 సెకన్ల తర్వాత తీసేస్తారు. ఇంట్లో ఆ వదులు స్క్రూను ఎవరు తీస్తారు? మంటను సాగనివ్వని ప్లాస్టిక్ కూడా వేడి ఆగకుండా అందుతుంటే కాలుతుంది, దట్టమైన పొగ వదులుతుంది.

నిప్పుకు మందు, షాకుకు దారి

మాటల సంగతి అలా ఉంచి, ఉక్కు పెట్టెలతో వచ్చిన అసలైన ఘర్షణను చూద్దాం. ఉక్కు మండదు. కాని అది విద్యుద్వాహకం. ప్లాస్టిక్ మండుతుంది. కాని అది బంధకం. అందువల్ల ఒక ప్రమాదాన్ని తగ్గించే పదార్థమే మరో ప్రమాదాన్ని పెంచగలదు.

బ్రిటన్‌లో చాలా ఇళ్లకు సరఫరా సంస్థే ఎర్తు ఇస్తుంది. అటువంటి ఇంట్లో ఫేజు వైరు ఉక్కు పెట్టెకు తగిలితే పెద్ద ప్రవాహం వచ్చి ఫ్యూజు తెగిపోతుంది, పెట్టె వెంటనే నిర్జీవమవుతుంది. కాని పల్లెల్లో, దూరప్రాంతాల్లో కొన్ని ఇళ్లు తమ పెరట్లో పాతుకున్న ఎర్తు కడ్డీ మీదనే ఆధారపడతాయి. దీన్ని ‘టి.టి.’ పద్ధతి అంటారు. కడ్డీకి, నేలకు మధ్య నిరోధం 100 ఓమ్‌లు ఉందనుకోండి. ఇప్పుడు మీటరు నుంచి వచ్చే ఫేజు వైరు, ఉక్కు పెట్టె రంధ్రపు అంచుకు రాసుకొని తొడుగు తెగి పెట్టెకు తగిలింది. ప్రవహించే కరెంటు 230 ÷ 100, అంటే 2.3 ఆంపియర్లు. సరఫరా సంస్థ పెట్టిన ఫ్యూజు 60 లేదా 100 ఆంపియర్లది. అది ఎన్నేళ్లకూ తెగదు. పెట్టె దాదాపు 230 వోల్టుల వద్ద అలాగే ఉండిపోతుంది. ఎవరి చెయ్యి తగులుతుందా అని వేచి చూస్తున్నట్లే.

ఇంట్లో ఆర్.సి.సి.బి. ఉంది కదా అంటారేమో. ఉంది, కాని ఈ పెట్టెలోనే ఉంది. తనను దాటి వెళ్లిన కరెంటునే అది కొలుస్తుంది. తనకు ముందే, పెట్టె గుమ్మంలోనే జరిగిన లోపం దాని లెక్కలోకి రాదు. అందుకే షాకు గురించి చెప్పే అధ్యాయం ఇటువంటి ఇళ్లలో ఆర్.సి.సి.బి. వరకు వచ్చే భాగానికి రెండు పొరల బంధకం గాని, దానికి సమానమైనది గాని ఉండాలంటుంది. ప్లాస్టిక్ పెట్టెతో ఆ అవసరం తేలికగా తీరేది. 2016 తర్వాత నిప్పు అధ్యాయం ఉక్కు తెమ్మంది.

రెంటినీ ఒకేసారి పాటించడం అసాధ్యమేమీ కాదు. ఉక్కు పెట్టెలోకి మెయిన్ వైర్లు వచ్చే చోట బంధక గొట్టం బిగించాలి. వైర్ల రెండో తొడుగును ఆర్.సి.సి.బి. టెర్మినల్ వరకు తీయకుండా తీసుకువెళ్లాలి. అవి కదలకుండా క్లాంపు వెయ్యాలి. పని సవ్యంగా చేస్తే ఇల్లు క్షేమమే. కాని ఇక్కడొక విడ్డూరం ఉంది. చేతిపని మీద నమ్మకం లేకపోవడం వల్లనే కదా ఈ నియమం వచ్చింది? స్క్రూలు సరిగా బిగించడం లేదు కాబట్టి, కనీసం పెట్టె అయినా మండకుండా ఉండాలన్నారు. ఇప్పుడు టి.టి. ఇళ్లలో ఆ నియమం క్షేమంగా పనిచెయ్యాలంటే మునుపటికన్నా నేర్పైన చేతిపని కావాలి. స్క్రూ వదులుగా వదిలిన చెయ్యి క్లాంపు మాత్రం గట్టిగా వేస్తుందని ఎవరు హామీ ఇవ్వగలరు?

ఎవరు ఒప్పు?

అమెరికాలో మెయిన్ ప్యానెల్ పెట్టెలు చాలాకాలంగా ఉక్కువే. అక్కడ సరఫరా ఇంట్లోకి వచ్చే చోటనే న్యూట్రల్‌ను లోహపు కవచంతో కలుపుతారు. అందువల్ల పెట్టెకు ఫేజు తగిలితే కరెంటుకు తిరిగి వెళ్లే లోహపు దారి సిద్ధంగా ఉంటుంది, బ్రేకరు పడిపోతుంది. ఫ్రాన్స్, జర్మనీ వంటి దేశాల్లో ఇళ్లకు ప్లాస్టిక్ పెట్టెలు విస్తారంగా వాడతారు. 61439 ప్రమాణం వారికీ ఉంది. అదే ప్రమాణాన్ని చదివి బ్రిటన్ ఉక్కు కావాలంది, పొరుగు దేశాలు ప్లాస్టిక్ చాలునన్నాయి.

దీన్నిబట్టి ఎవరో ఒకరు మూర్ఖులని తేల్చెయ్యకండి. పెట్టె ఒంటరి వస్తువు కాదు. దాని వెనక ఎర్తింగ్ పద్ధతి ఉంది, దాని చుట్టూ గోడ ఉంది, దాన్ని బిగించిన మనిషి ఉన్నాడు. ఇవన్నీ కలిస్తేనే క్షేమమో ప్రమాదమో తేలుతుంది. ఒకచోట సరైన నియమాన్ని ఎత్తుకొచ్చి మరోచోట పెడితే అది సరైనదిగానే ఉంటుందని చెప్పలేం.

421.1.201ను సమర్థించేవారి వాదనలో బలం ఉంది. లక్షల ఇళ్లలో ఎన్ని స్క్రూలు వదులుగా ఉన్నాయో ఎవరూ వెళ్లి చూడలేరు. ఏ పెట్టె అమ్ముతున్నారో చూడటం మాత్రం సులువు. మెట్ల కింద మంట పది నిమిషాలు ఆలస్యంగా పైకి ఎగబాకినా పిల్లలను కిందికి దించే వ్యవధి దొరుకుతుంది. ఆ నిమిషాల విలువను చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. ఉక్కు పెట్టె వచ్చిందంటే సమస్య తీరినట్లేనని అనిపించేలా నియమం రాశారు. నా అభ్యంతరం దాని మీదే.

మెరుగైన నియమం ఎలా ఉండాలి? మొదట తన ప్రశ్నను స్పష్టంగా చెప్పాలి. మంటను లోపలే ఉంచడం లక్ష్యమైతే, వైర్లు, బ్రేకర్లు, మూతలు అన్నీ బిగించిన పెట్టెలో ఒక అతుకును ఎర్రగా కాల్చి, బయట పెట్టిన కాగితం అంటుకుంటుందా అని చూసే పరీక్ష కావాలి. అప్పుడు అది ఉక్కా, ప్లాస్టిక్కా అన్న తగాదా అక్కర్లేదు. నెగ్గినదే పనికివస్తుంది. రెండోది, టి.టి. ఇళ్ల సంగతిని నియమం పక్కనే చెప్పాలి, చదివేవాడు మరో అధ్యాయంలో వెతుక్కునేలా వదలకూడదు. మూడోది, రోగం మూలాన్ని పట్టుకోవాలి. ప్రతి స్క్రూను ఎంత బలంతో బిగించాలో తయారీదారు చెబుతాడు. ఆ బలాన్ని కొలిచే స్క్రూడ్రైవరుతో బిగించి, దాన్ని నమోదు చెయ్యడాన్ని తనిఖీలో అసలు అంశంగా పెట్టాలి.

ఆర్క్ మెరుపులను పసిగట్టే కొత్త పరికరాలు వచ్చాయి కదా అని మీరు అడగవచ్చు. బ్రిటన్ నియమావళి 2022 నాటి సవరణలో కొన్ని రకాల నివాసాలకు వాటిని తప్పనిసరి చేసింది కూడా. అవి మంచివే. కాని అవి తమను దాటి గదుల్లోకి వెళ్లే వైర్లనే కాపలా కాస్తాయి. తమకు ముందున్న మెయిన్ టెర్మినల్‌లో, మెరుపు లేకుండా నిశ్శబ్దంగా కాలే అతుకు వాటికి కనిపించదు.

మన పెట్టె సంగతి

మన దేశంలో సరఫరా సంస్థ వినియోగదారునికి ఎర్తు టెర్మినల్ ఇవ్వాలని 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లోనే ఉంది. తర్వాత వచ్చిన కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల్లోనూ అది కొనసాగింది. అయినా ఎన్నో ఇళ్లకు ఎర్తు అంటే పెరట్లో గుంట తీసి, బొగ్గు, ఉప్పు వేసి పాతిన పైపే. ఎండాకాలంలో ఆ గుంట ఎండిపోతుంది, నిరోధం పెరుగుతుంది. కాగితం మీద ఎలా ఉన్నా, ఆచరణలో అటువంటి ఇల్లు టి.టి. ఇల్లే. అటువంటి ఇంట్లో రేకు పెట్టె పెడితే, పైన చెప్పిన లెక్క అక్షరాలా వర్తిస్తుంది.

మన దగ్గర మరో చిక్కు కూడా ఉంది. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరు సాధారణంగా అల్యూమినియంది. అల్యూమినియం మెత్తని లోహం. స్క్రూ కింద నొక్కితే కాలక్రమంలో మెల్లగా పక్కకు జరిగి అతుకు వదులవుతుంది. దాని మీద ఏర్పడే ఆక్సైడ్ పొర కరెంటుకు అడ్డు. అంటే బిగించిన రోజున బాగున్న అతుకు కొన్నేళ్ల తర్వాత బాగుండకపోవచ్చు.

మీరు ఏం చెయ్యగలరు? ముందుగా, పెట్టె మూత మీరే విప్పకండి. మెయిన్ స్విచ్ ఆపినా దాని పైభాగంలో కరెంటు ఉంటుంది. విప్పకుండానే గమనించదగినవి కొన్ని ఉన్నాయి. కాలిన ప్లాస్టిక్ వాసన, మూత మీద గోధుమరంగు మచ్చ, బుసబుసమనే చప్పుడు, గీజరు వెయ్యగానే దీపాలు మినుకుమినుకుమనడం. వీటిలో ఏది కనిపించినా పెద్దలకు చెప్పండి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. అతుకులన్నీ తిరిగి బిగించమనండి, ఎర్తు నిరోధం కొలవమనండి. ఆర్.సి.సి.బి. ఉంటే దాని మీది ‘టెస్ట్’ మీటను అప్పుడప్పుడు నొక్కించండి. ఉక్కు పెట్టె ఉంది కదా అని గాని, ప్లాస్టిక్ పెట్టె షాకు కొట్టదు కదా అని గాని ఊరుకోవద్దు.

ఇక ఏ భద్రతా నియమాన్ని చదివినా మూడు ప్రశ్నలు వెయ్యండి. ఇది ఏ ప్రమాదానికి జవాబు? ఆ జవాబు సరైనదని ఏ పరీక్షతో తేల్చారు? ఈ ప్రమాదాన్ని తగ్గించేటప్పుడు మరే ప్రమాదానికి తలుపు తెరిచారు? ప్రారంభంగా ఈ చిన్న లెక్క చేసి చూడండి. మీ ఇంటి ఎర్తు చాలా బాగుంది, దాని నిరోధం 5 ఓమ్‌లే అనుకోండి. 230 వోల్టుల ఫేజు రేకు పెట్టెకు తగిలితే ఎన్ని ఆంపియర్లు ప్రవహిస్తాయి? 60 ఆంపియర్ల మెయిన్ ఫ్యూజు తెగుతుందా, లేదా? జవాబు చూశాక మీ ఇంటి పెట్టె దగ్గరికి వెళ్లి, ఆర్.సి.సి.బి. ఎక్కడుందో, మెయిన్ వైరు లోపలికి వచ్చే రంధ్రానికి రబ్బరు బుష్ ఉందో లేదో, మూత తియ్యకుండానే చూడండి.